ముందు బండి ఆపాలి



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థం జరుగుతోందో హాల్లో ఉన్నవాళ్లందరికీ తెలుసు. రైల్వే ఆసుపత్రిలో డ్రెస్సర్‌గా పనిచేసి రిటైరైన ఆ పెద్దాయన పేరు అచ్చులో వేయవద్దని వారి పిల్లలు కోరారు. ఆ కోరిక నాకు సబబుగానే తోచింది. ఆయన కూడా తన దగ్గరికి వచ్చినవాళ్ల పేర్లు ఎన్నడూ బయట పెట్టలేదు. జీతాల రోజు రాత్రి తల పగిలి వచ్చినవాడికి కట్టు కడుతూ ఏం తాగావు, ఎంత తాగావు, ఎప్పుడు పడ్డావు అని అడిగేవారు. ఎవరితో తాగావని అడిగేవారు కాదు. తెల్లవారితే క్వార్టర్ల లైన్లో ఆ సంగతి ఎవరి చెవినా పడేది కాదు. అందుకే జనం ఆయన దగ్గరికి జంకు లేకుండా వెళ్లేవాళ్లు.

నేను ఈరోజు మాట్లాడదలచుకున్నది ఆ జంకు గురించే. మత్తు ఎక్కువై ఒక కుర్రవాడు హాస్టల్ గదిలో స్పృహ తప్పి పడిపోయినప్పుడు, పక్కనున్న స్నేహితుడు ఫోన్ చేయడానికి ఎందుకు జంకుతాడు? ఆ జంకు పోగొట్టడానికి ఒక విశ్వవిద్యాలయం, దాన్ని ఆనుకుని ఉన్న మన ఊరు ఏం చేయవచ్చు? వైద్యులు దీన్ని హాని తగ్గింపు అంటారు. మత్తు జోలికి వెళ్లవద్దని చెప్పడం మానకుండానే, వెళ్లినవాడు ప్రాణం పోగొట్టుకోకుండా చూడటం దీని పని.

మన ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లు రెండు దఫాలుగా వచ్చారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాప్ పెట్టిన కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మన ముత్తాతలు కలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా వచ్చారు. 1951లో హిజిలీ నిర్బంధ శిబిరం భవనంలో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. అప్పటినుంచి గుంటూరు, వరంగల్, హైదరాబాదు కోచింగ్ హాస్టళ్ల మీదుగా ఇంకో తెలుగు తరం వస్తూనే ఉంది. పురీ గేటుకు ఇటువైపు రైల్వే వాళ్లకు అటువైపు క్యాంపస్ వాళ్లతో పెద్దగా రాకపోకలు లేవు. ఈ సభ ఆ లోటును కొంతైనా తీరిస్తే నాకు సంతోషం.

రైల్వే కుటుంబాల వాళ్లకు నేను చెప్పేది చప్పున అర్థమవుతుంది. పట్టాలు చూసుకునే కీమన్ తన బీట్‌లో నడుస్తూ పట్టా విరిగి ఉండటం చూశాడనుకోండి. ఎర్రజెండా ఎత్తి బండి వచ్చే వైపు పరుగెడతాడు. బ్రాడ్‌గేజ్ మీద 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటర్, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెడతాడు. ఇంజన్ చక్రం ఎక్కగానే అవి పేలి డ్రైవర్‌ను హెచ్చరిస్తాయి. పట్టా ఎందుకు విరిగింది, ఎవరి తప్పు, ఎవరికి చార్జిషీటు అన్నవి తరువాత తేలతాయి. విచారణ లేకపోవడం అంటూ ఉండదు. కానీ అది బండి ఆగాక. కీమన్ కూడా ఆ పరుగులో తనమీదికి ఏం వస్తుందోనని ఆలోచించడు, ఎందుకంటే బండి ఆపినందుకు శిక్ష ఉండదని అతనికి తెలుసు. హాస్టల్ గదిలో ఉన్న స్నేహితుడికి ఆ భరోసా లేదు.

ముందు వైద్యం సంగతి చెబుతాను. కొంచెం వివరంగానే చెబుతాను, ఇంటికి వెళ్లాక ఎవరికో ఒకరికి పనికివస్తుంది.

విద్యాలయాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మద్యం. 2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ విడుదల చేసిన, ఎయిమ్స్ నిర్వహించిన జాతీయ సర్వే ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసు వాళ్లలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారు. నల్లమందు జాతి మత్తులు వాడేవాళ్లు 2.06 శాతం. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక వైద్య సహాయం అందిందని అదే సర్వే చెప్పింది. మద్యం విషయంలో హాస్టళ్లలో వినిపించే అతి ప్రమాదకరమైన మాట ఒకటుంది: “వీణ్ణి పడుకోనివ్వండ్రా, పొద్దుటికి దిగిపోతుంది.” దిగదు. చివరి గ్లాసు కడుపులోకి వెళ్లాక కూడా రక్తంలో మద్యం పెరుగుతూనే ఉంటుంది. కాలేయం గంటకు సుమారు పది గ్రాములకు మించి అరగించలేదు. కాఫీ, చన్నీళ్లు, మజ్జిగ, చెంపదెబ్బలు ఆ వేగాన్ని పెంచవు. పదకొండింటికి మాట తడబడిన కుర్రవాడు ఒంటిగంటకు పిలిచినా పలకకపోవచ్చు. వెల్లకిలా పడుకుని ఉండగా వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మద్యంతో పోయిన చాలా ప్రాణాలు ఇలాగే పోయాయి.

అతను వెల్లకిలా పడి ఉన్నాడు, మీరు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. మీ వైపు ఉన్న అతని చేతిని పక్కకు చాచండి. అవతలి చేతిని ఇటు తెచ్చి, అరచేతి వెనక భాగం అతని చెంపకు ఆనేలా పట్టుకోండి. అవతలి మోకాలిని పైకి మడిచి, దాన్ని పట్టుకుని మీ వైపుకు లాగండి. ఎంత బరువున్న మనిషైనా తిరుగుతాడు, ఆ మోకాలే తిప్పుతుంది. తల కొద్దిగా వెనక్కి వంచి, నోరు నేల వైపు ఉండేలా చూడండి. ఇప్పుడు వాంతి అయినా బయటికే పోతుంది. తరువాత ఊపిరి చూడండి. నిమిషానికి ఎనిమిది కంటే తక్కువగా తీస్తున్నా, ఊపిరికీ ఊపిరికీ మధ్య పది సెకన్లు ఆగుతున్నా, పెదవులు నీలంగా మారినా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా, గట్టిగా గిల్లినా కదలకపోయినా ఇక ఆలోచించేది లేదు, ఫోన్ చేయడమే. దేశమంతటా పనిచేసే అత్యవసర నంబరు 112. అంబులెన్స్ వచ్చేదాకా అతన్ని ఒంటరిగా వదలకూడదు. నేను ఈ పద్ధతి నేర్పేటప్పుడు ప్రతి ఒక్కరినీ నేల మీద పడుకోబెట్టి మరీ చేయిస్తాను. ఒక్కసారి చేత్తో చేసినవాళ్లు మరచిపోరు.

రెండోది నల్లమందు జాతి మందులు. బ్రౌన్ షుగర్ అందరికీ తెలిసిన పేరే. కొడీన్ కలిసిన దగ్గు సిరప్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్ మాత్రలు కూడా ఆ జాతివే. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. ఇవి మెదడులో ఊపిరి తీసుకోమని చెప్పే చోటును నిద్రపుచ్చుతాయి. మనిషి గురక పెడుతున్నట్టు ఉంటాడు, కంటిపాప సూదిమొనంత అవుతుంది, ఊపిరి నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోతుంది. ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. వీటికి విరుగుడు ఉంది, దాని పేరు నాలోక్సోన్. 1961లో జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టీన్ దానికి పేటెంటు కోరారు, 1971లో అమెరికాలో అనుమతి వచ్చింది. నిమిషాల్లో మనిషిని లేపి కూర్చోబెడుతుంది. మద్యానికీ నిద్రమాత్రలకూ ఇది పనిచేయదు, అయినా పొరపాటున ఇస్తే పెద్దగా హాని లేదు. అయితే దాని బలం అరగంట నుంచి ఒకటిన్నర గంటలో తగ్గిపోతుంది. లోపలున్న మత్తు అంతకంటే ఎక్కువసేపు నిలిస్తే మనిషి మళ్లీ మగతలోకి జారతాడు. లేచి కూర్చున్నాడు కదా అని ఇంటికి పంపకూడదు, ఆసుపత్రిలో ఉంచాలి.

అమెరికాలో 2023 మార్చిలో నాలోక్సోన్ ముక్కు స్ప్రేను డాక్టరు చీటీ లేకుండా అమ్మడానికి అనుమతించారు. అక్కడ చాలా విశ్వవిద్యాలయాల హాస్టళ్లలో మంటలార్పే సిలిండర్ లాగే నాలోక్సోన్ పెట్టె కూడా గోడకు ఉంటుంది. మన పిల్లలు వేలమంది అక్కడ చదువుతున్నారు కాబట్టి ఈ మాట వాళ్ల తల్లిదండ్రులకు కూడా చెబుతున్నాను: ఆ పెట్టె ఎక్కడుందో, ఎలా వాడాలో మీ పిల్లలను చూసి పెట్టుకోమనండి. 2023లో ఆ దేశంలో మత్తు ఎక్కువై చనిపోయినవాళ్లు లక్ష దాటారు, 2024లో అది దాదాపు 80 వేలకు దిగింది. దిగడానికి కారణాలు అనేకం, ఊరూరా నాలోక్సోన్ అందుబాటులోకి రావడం వాటిలో ఒకటి. మన దగ్గర ఇది ప్రధానంగా ఆసుపత్రి ఇంజెక్షన్. కాబట్టి మనం అడగవలసింది గోడమీద పెట్టెను కాదు. క్యాంపస్ ఆసుపత్రి అత్యవసర గదిలో, అంబులెన్స్‌లో ఆ ఆంప్యూల్స్ గడువు తీరకుండా ఉన్నాయా, రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు ఇవ్వడం వచ్చా అని అడగాలి. అంబులెన్స్ వచ్చేలోగా నోటితో ఊపిరి అందించడం పది మంది విద్యార్థులకైనా నేర్పాలి.

మూడోది మాత్రలు మింగడం. ఇక్కడ మోసం చేసేది ఏమిటంటే, జ్వరం మాత్రల లాంటివి ఎక్కువగా మింగినవాళ్లు మొదటిరోజు బాగానే కనిపిస్తారు. “నాకేం కాలేదు, ఎవరికీ చెప్పకు” అంటారు. కాలేయం దెబ్బతినడం తరువాత బయటపడుతుంది. దానికి కూడా విరుగుడు మందు ఉంది, అది మొదటి ఎనిమిది గంటల్లో అందితే చాలా బాగా పనిచేస్తుంది. బాగానే ఉన్నాడు కదా అని ఆగకుండా వెంటనే తీసుకువెళ్లాలి. బ్రిటన్‌లో 1998లో ఒక్కసారి అమ్మే పారాసిటమాల్ పొట్లం పరిమాణాన్ని చట్టంతో తగ్గించారు, ఆ మందుతో సంభవించే మరణాలు తగ్గాయి. మన హాస్టళ్ల చుట్టూ ఉన్న మందుల షాపుల వాళ్లు కూడా చేయగలిగింది ఉంది. చీటీ లేకుండా నిద్రమాత్రలు, దగ్గు సిరప్ అమ్మకపోతే చాలు.

ఇప్పుడు జంకు దగ్గరికి వస్తాను. విద్యాసంస్థల నియమాల్లో సాధారణంగా క్యాంపస్‌లో మద్యం, మత్తు దొరికితే జరిమానా, హాస్టల్ నుంచి బహిష్కరణ, ఇంటికి ఉత్తరం అని ఉంటుంది. నియమం ఉండకూడదని నేను అనను. కానీ అర్ధరాత్రి రెండు గంటలకు ఆ నియమం ఏం చేస్తుందో చూడండి. గదిలో నలుగురు ఉన్నారు, ఒకడు లేవడం లేదు. ఫోన్ చేస్తే నలుగురి పేర్లూ రాసుకుంటారు. ఒకడికి ప్లేస్‌మెంట్ దగ్గరపడింది, ఒకడి తండ్రి అప్పు చేసి చదివిస్తున్నాడు. ఇంకో గంట చూద్దాం అనుకుంటారు. ఆ గంటలోనే ప్రాణం పోతుంది. వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, భయపడ్డారు.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లో ఒక పని చేసింది. మద్యం ఎక్కువైన స్నేహితుడి కోసం సహాయం అడిగినవాళ్ల మీద, ఆ సహాయం పొందినవాళ్ల మీద క్రమశిక్షణ చర్య తీసుకోబోమని, బదులుగా కౌన్సెలింగ్‌కు రావాలని లిఖితంగా ప్రకటించింది. తరువాతి రెండేళ్లలో సహాయం కోరుతూ వచ్చిన ఫోన్లు పెరిగాయి. తాగడం పెరిగిందన్న రుజువు కనబడలేదు. ఫోన్ చేసినవాళ్లను శిక్ష నుంచి కాపాడే చట్టాలు ఆ దేశంలో 2007లో న్యూ మెక్సికోతో మొదలై దాదాపు అన్ని రాష్ట్రాలకూ పాకాయి.

మన దేశంలో ఈ ఆలోచనకు వేళ్లు లేకపోలేదు. 1989లో పరమానంద కటారా కేసులో సుప్రీంకోర్టు, పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా ముందు ప్రాణం కాపాడటం ప్రతి వైద్యుడి బాధ్యత అని తీర్పు చెప్పింది. రోడ్డు ప్రమాదంలో గాయపడినవాణ్ణి ఆసుపత్రిలో చేర్చిన మనిషిని వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టానికి 134-ఎ సెక్షన్ చేర్చారు. రోడ్డు మీద పడినవాడికి దొరికిన ఆ రక్షణ, గదిలో పడినవాడికి తోడున్న స్నేహితుడికి లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 27వ సెక్షన్ వాడకాన్నే నేరమంటుంది. అదే చట్టంలోని 64-ఎ సెక్షన్, తనంతట తాను వైద్యానికి ముందుకొచ్చిన వ్యసనపరుణ్ణి విచారణ నుంచి కాపాడుతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రాణం తీసుకోబోయిన మనిషిని శిక్షించకుండా అతను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించమంటుంది. దారి చూపే సెక్షన్లు ఇన్ని ఉన్నాయి. పార్లమెంటు కోసం ఎదురుచూడకుండా ఒక సెనేట్ తీర్మానంతో, ఒక హాల్ వార్డెన్ నోటీసుతో మన విద్యాలయాలు మిగతాది పూర్తిచేయవచ్చు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ముఖ్యమైనది ఇదొక్కటే. ఫోన్ చేసినవాడికి శిక్ష లేదని రాతపూర్వకంగా, గోడమీద, ముందుగా చెప్పడం.

ఇంకో భయం మెడికో-లీగల్ కేసు. ఆసుపత్రిలో విషప్రయోగం, మత్తు కేసులకు అలాంటి కాగితం రాస్తారు. అది వైద్యరికార్డు, అరెస్టు వారెంటు కాదు. ఈ సంగతి మొదటి వారంలోనే కొత్త విద్యార్థులకు ఒక డాక్టరు విడమరచి చెబితే సగం భయం పోతుంది.

ఇదంతా మత్తుకు ప్రోత్సాహం కాదా అని ఇక్కడున్న పెద్దలు కొందరు అనుకుంటున్నారని తెలుసు. మణిపూర్ అనుభవం చూడమని అంటాను. సూదులు పంచుకుని మత్తు ఎక్కించుకునేవాళ్లలో 1989 చివర ఎయిడ్స్ వైరస్ బయటపడింది, ఏడాది తిరగకుండానే సగం మందికి సోకింది. పోలీసు దాడులు దాన్ని ఆపలేకపోయాయి. శుభ్రమైన సూదులు, నాలుక కింద పెట్టే బ్యూప్రెనార్ఫిన్ మాత్రలు, తోటివాళ్ల పలకరింపు మెల్లగా అడ్డుకట్ట వేశాయి. ఆ మాత్రల చికిత్సను తరువాత జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమమే తన పనిలో చేర్చుకుంది. బతికి ఉన్నవాడికే మానే అవకాశం ఉంటుంది. చనిపోయినవాడికి ఏ సలహా చెబుతాం?

మన ఊరి సంగతి కూడా చెప్పుకోవాలి. హిజిలీ క్యాంపస్‌లో బి.సి. రాయ్ టెక్నాలజీ ఆసుపత్రి ఉంది. పెద్ద ఆపద అయితే కాసాయి నది దాటి మేదినీపూర్ మెడికల్ కాలేజీకి వెళ్లాలి. 2009 మార్చిలో ఒక విద్యార్థి మరణం తరువాత వైద్యం అందిన తీరు మీద క్యాంపస్ అంతా భగ్గుమంది. 2025లో కొద్ది నెలల తేడాలోనే పలువురు విద్యార్థులు పోయారు. ఆ జూలైలో మాత్ర గొంతుకు అడ్డుపడి ఒకరు మరణించినట్టు వార్త వచ్చింది. ఊపిరికి అడ్డుపడితే వీపు మీద గట్టిగా చరచడం, పొట్ట పైభాగాన వెనకనుంచి నొక్కడం తెలిసినవాళ్లు పక్కన ఉండటం ఎంత అవసరమో ఆ వార్తే చెప్పింది. ఆ ఏడాదే సంస్థ ‘క్యాంపస్ మదర్స్’ అనే ఆలోచన తెచ్చింది, క్యాంపస్‌లో ఉండే మహిళలు పిల్లలను పలకరించాలని. దానిమీద విమర్శలు వచ్చాయి. నా అభిప్రాయం చెప్పమంటే, ఆప్యాయత మంచిదే, కానీ ఆ అమ్మలకు ఇందాక చెప్పిన మోకాలి పద్ధతి కూడా నేర్పండి.

అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఒకటి మన రెండు రాష్ట్రాలకూ చెందింది. బెంగాల్ నుంచి విశాఖపట్నం వెళ్లి నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం మీద తండ్రి వేసిన కేసు అది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ ఉన్న కౌన్సెలర్ ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనబడేలా రాయాలని, ఆపదలో ఎవరిని ఎలా ఆసుపత్రికి పంపాలో రాతలో ఉండాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. ఇవి అన్ని సంస్థలకూ వర్తిస్తాయి. మన పిల్లలు అక్కడికి వెళ్తారు, వాళ్ల పిల్లలు ఇక్కడికి వస్తారు, ఏ ఊరి హాస్టలైనా ఏదో ఒక ఇంటి బిడ్డకు నీడ.

నంబర్ల దగ్గర ఒక మాట. మానసిక ఆపదకు టెలీ మానస్ 14416, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మత్తు మానాలనుకునేవాళ్లకు 14446. ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908 మాదకద్రవ్యాల ఫిర్యాదులకు ఉన్నాయి. అవి పోలీసు నంబర్లు, ప్రాణం మీదికి వచ్చిన రాత్రి మొదట చేయవలసినవి కావు. పోస్టర్ల మీద ఈ తేడా రాయకుండా అన్ని నంబర్లూ ఒకే వరుసలో గుచ్చేస్తున్నారు, అది తప్పు.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. బోర్డుల మీద మన అక్షరాలు కనబడితే పండగ చేసుకుంటాం, చేసుకోవాలి కూడా. ఆ హోదాకు నేను చూస్తున్న పని ఇంకోటి. ఆపదలో ఏం చేయాలో చెప్పే ఒక్క పేజీ కరపత్రం బెంగాలీ, హిందీ, ఇంగ్లిషుతోపాటు తెలుగులో కూడా రావాలి. హాల్ మెస్‌లో పనిచేసేవాళ్లలో, గేటు కాపలాదార్లలో, రాత్రి టోటో రిక్షాలు తోలేవాళ్లలో మన ఇళ్లవాళ్లు ఉన్నారు. రెండు గంటలకు స్పృహ లేని పిల్లవాణ్ణి ఎత్తి బండిలో వేసేది ప్రొఫెసర్లు కాదు, వీళ్లే.

ఈ స్మారక నిధి వడ్డీని ఏటా ఒక ఉపన్యాసానికే ఖర్చు పెట్టవద్దని నిర్వాహకులను కోరుతున్నాను. ఈ ఏడాది దానితో ఆ కరపత్రం అచ్చువేద్దాం. క్యాంపస్ ఆసుపత్రి వైద్యులను, రైల్వే ఆసుపత్రి నర్సులను పిలిచి ఒక ఆదివారం పొద్దున ఇదే హాల్లో శిక్షణ పెడదాం. చాపలు నేను తెస్తాను. మొదటి వరుస టోటో డ్రైవర్లకు, రాత్రి కాపలాదార్లకు వదిలిపెట్టండి, వాళ్ల వెనక విద్యార్థులు కూర్చుంటారు. జూలైలో కొత్త బ్యాచ్ దిగకముందే ఇది ఒక విడత పూర్తి కావాలి.